ఉగాది కవి సమ్మేళనంలో మన భాగం

(బొంగులూరు గ్రామంలో ఉగాది నాటి సాయంకాలం, పంచాంగ శ్రవణానంతరం, కవి సమ్మేళనానికి ముందు దేవాలయ మండపంలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం ముగిసినది. రాశిఫలాలు విన్నారు, ఆదాయ వ్యయాలు విన్నారు, రాజపూజ్యావమానాలు కూడ విన్నారు. ఆదాయం పధ్నాలుగు, వ్యయం రెండు అని చదివినప్పుడు ఈ మండపంలో నిలుచుటకు చోటు లేదు. ఇక కవి సమ్మేళనం జరుగునని ప్రకటించగానే వెనుక వరుసలలో కొందరు లేచి చెప్పులు వెదకుకొంటున్నారు. నేను ఆక్షేపణగా అనుట లేదు. ఇంతకు ముందే మెట్ల దగ్గర ఒక పెద్దమనిషిని ఆపి, "ఎక్కడికి నాయనా, ఇప్పుడే కదా మొదలు?" అని అడిగినాను. "మాకేం తెలుస్తది అయ్యగారూ, కవిత్వం తెలిసినోళ్లు ఇంటరు గద" అని వినయంగానే సమాధానం చెప్పినాడు. నేను వేరొక విషయం మీద మాట్లాడవలెనని వచ్చినాను. ఆ సమాధానం విన్న తరువాత విషయం మార్చుకొన్నాను. ఈనాటి సభలో తెలిసినవారి భాగమెంత, తెలియదనుకొనేవారి భాగమెంత అన్నదే ఈ పూట మనం విచారించవలసినది.

చైత్ర శుద్ధ పాడ్యమి నాడు వేపపూవు పచ్చడి, పంచాంగ శ్రవణం, కవి సమ్మేళనం, ఈ మూడూ మనకు ఒక్కటిగా కలిసి వచ్చిన ఆచారాలు. మొదటి దానిని నాలుకతో స్వీకరిస్తాము. తక్కిన రెండూ చెవితో స్వీకరించవలసినవే. ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ యునెస్కో 1999లో మార్చి 21వ తేదీని ప్రపంచ కవితా దినోత్సవంగా ప్రకటించినది. మంచి పని. 2015లో మన్మథ నామ సంవత్సర ఉగాది సరిగా ఆ మార్చి 21వ తేదీననే వచ్చి, రెండు పండుగలూ ఒక్కరోజున కలిసినవి. కాని తెలుగువారికి సంవత్సరారంభమే కవితా దినమన్న సంగతి ఎవరో ప్రకటించవలసిన అవసరం లేకపోయినది. ఆకాశవాణి హైదరాబాదు కేంద్రం ఉగాది కవి సమ్మేళనాన్ని ప్రసారం చేసేటప్పుడు, రేడియో ఉన్న ఇంటి అరుగు మీద లేనివారంతా చేరి వినడం నేను చూచినాను. వారిలో సగం మందికి అక్షరాలు రావు. వారు చెప్పులు వెదకుకొనలేదు.

ఇక నా సంగతి చెప్పవలెను. నేను పాఠశాలలో గురువు ముఖంగా సంత చెప్పుకొన్నవాడిని. గురువు ఒకమారు చెప్పిన పన్నాన్ని శిష్యులు రెండు మారులు చెప్పవలెను. స్వరం తప్పితే మళ్ళీ మొదటికి. ఉదాత్తం అనుదాత్తమైతే అర్థమే తలక్రిందులగునని బెదిరించి నేర్పినారు. సంహిత, పదం, క్రమం, జట, ఘనం అని ఇన్ని విధాల చుట్టి చుట్టి వల్లించుట దేనికి? ఒక్క అక్షరం కూడ మారరాదని. అట్టి విద్యలో పెరిగినవానికి క్రొత్తగా మాట కల్పించేవాడిని చూస్తే సహజంగానే అనుమానం కలుగుతుంది. దానికి తోడు కావ్యాలాపాలు వర్జించవలెనని ఒక స్మృతి వాక్యం ఉన్నది. మా సహాధ్యాయులలో ఎవరైనా పద్యం అల్లితే ఆ వాక్యమే ఆయుధంగా వాడేవారము.

ఆ ఆయుధం మొక్కపోయినదని నాకు చాల కాలానికి గాని తెలియలేదు. దానిని మొక్కపరచినవాడు మన ప్రాంతం వాడే. మెదకు సీమలోని కొల్చారం కోలాచలం మల్లినాథ సూరి స్వగ్రామం. కాళిదాసు రఘువంశానికి వ్యాఖ్యానం ఆరంభిస్తూ ఆ మహానుభావుడు ఈ నిషేధాన్నే ఎత్తుకొని, అది చెడు కావ్యాలకు సంబంధించినదే గాని సత్కావ్యాలకు కాదని తీర్పు చెప్పినాడు. ఇక యాస్కుల వారి నిరుక్తం చూస్తే కవి అనగా క్రాంతదర్శి, అనగా కంటికి కనబడేదానిని దాటి చూడగలవాడని ఉన్నది. వేదంలో అగ్నిని కవి అన్నారు, సోముని కవి అన్నారు. దేవతలకు ఇచ్చిన బిరుదును మనుష్యుడు పొందితే పాఠశాల వారికి కోపమెందుకు రావలెనో నాకు ఇప్పటికీ బోధపడదు. బహుశః వల్లించేవానికి కల్పించేవాని మీద ఉండే చిన్న ఈర్ష్య కావచ్చును.

మనం కూర్చున్న ఈ నేల సంగతి కూడ చూడండి. పక్కనున్న ఇబ్రహీంపట్నానికి ఆ పేరు గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్‌షా వలన వచ్చినది. 1550 నుండి 1580 వరకు రాజ్యం చేసినాడు. రాజ్యానికి రాక పూర్వం విజయనగరంలో ఆశ్రయం పొంది, అక్కడ తెలుగు రుచి మరిగినాడు. మన కవులు ఆయనను మల్కిభరాముడని తమ నోటికి తిరిగేటట్లు పిలుచుకొన్నారు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకు అంకితమిచ్చినాడు. కందుకూరి రుద్రకవికి ఆయన చింతలపాలెం అనే గ్రామాన్ని దానమిచ్చినాడు. ఆ కాలంలోనే పటాన్‌చెరువులో ఉండిన అమీన్‌ఖానుడు పొన్నిగంటి తెలగనార్యుని చేత యయాతి చరిత్రమనే అచ్చతెనుగు కావ్యాన్ని అంకితం పొందినాడు. సంస్కృత పదం పొసగకుండా మొత్తం కావ్యం వ్రాయించుకొన్నది ఒక తురుష్క ప్రభువు! వీరెవరూ పద్యం వ్రాయలేదు. విన్నారు. వినడంలో వారు చూపిన శ్రద్ధ వలన ఆ కావ్యాలు పుట్టినవి. చెరువుతో పాటు ఆ వినికిడి కూడ మనకు వారసత్వంగా రావలసినదే.

తరువాతి కాలంలో ఈ వారసత్వం ఉన్నదన్న సంగతే మరుగున పడినది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమని ఒకరు వ్రాయగా, సురవరం ప్రతాపరెడ్డి గారు వాదానికి దిగక, పల్లెపల్లె నుండి కవుల రచనలు సేకరించి 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించినారు. అందులో 354 మంది కవులు! ఆ పుస్తకం తిరగవేసినప్పుడు నేను గమనించినది ఇది. అందులో మహాపండితులున్నారు, వారి పేర్లు మనకు ముందే తెలుసు. పుస్తకానికి బలం వారి వలన రాలేదు. తన ఊరు దాటి ఎవరికీ తెలియని మనుష్యుడు, నాలుగు పద్యాలు కాగితం మీద వ్రాసి పంపినాడే, అతని వలన వచ్చినది. "నాదేముంది, తెలిసినవారు పంపుతారు కదా" అని అతడు కూడ ఊరకున్నట్లయితే ఆ లెక్క 354 కాక, ఏ ముప్పై దగ్గరనో నిలిచి ఉండేది. పూజ్యమన్నవాని మాటే నిలిచేది.

ఇంత చెప్పిన తరువాత నా అపరాధం ఒకటి చెప్పకపోతే ఈ ప్రసంగం కపటమగును.

2007, సర్వజిత్తు నామ సంవత్సర ఉగాది. ఇట్టి సభకే నన్ను పెద్దగా కూర్చుండబెట్టినారు. ఆ రోజులు మీకు జ్ఞాపకమే. వలయ రహదారి కోసం ఒక వంక కొలతలు, ప్లాట్ల కోసం మరొక వంక కొలతలు. ఏ పొలంలో చూచినా తెల్లరాళ్ళు మొలిచినవి. నలుగురైదుగురు పద్యాలు చదివిన పిమ్మట, ఇరవై ఏండ్ల కుర్రవాడు ఒకడు నోటుబుక్కులో నుండి చింపిన కాగితం పట్టుకొని లేచినాడు. తండ్రి పొలం అమ్ముకొన్న సంగతి వ్రాసినాడు. ఆ చేలో పూర్వం ఏమేమి పండేవో వరుసగా చెప్పినాడు: జొన్నలు, కందులు, పెసలు, నువ్వులు, గట్టు మీద ఆముదాలు. ఆ వరుస ముగించి ప్లాటు నంబర్ల వరుస మొదలుపెట్టబోతున్నాడు. నేను చేయి ఎత్తి ఆపినాను. "నాయనా, ఇది ఏ వృత్తం? యతి ఎక్కడ? ప్రాస ఎక్కడ? ఇది జాబితా గాని కవిత్వమెట్లా అవుతుంది?" అని అడిగినాను. సభలో కొందరు నవ్వినారు. వారు నవ్వినందుకు నాకు లోలోపల సంతోషమైనదని కూడ ఒప్పుకొంటున్నాను. కుర్రవాడు కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో ఉంచుకొని కూర్చున్నాడు. మరుసటి ఉగాదికి రాలేదు. ఆ తరువాతా రాలేదు.

ఆ రాత్రి నాకేమీ అనిపించలేదు. అనిపించి ఉంటే బాగుండేది. కొన్ని నెలలకు, కార్తీక మాసంలో అభిషేకం చేస్తూ చమకం చెప్పుచున్నాను. నాలుగవ అనువాకం వచ్చినది. అందులో ఏమున్నది? యజమాని తనకు కావలసినవి అడుగుతున్నాడు: వడ్లు, యవలు, మినుములు, నువ్వులు, పెసలు, గోధుమలు. వరుసగా పేర్లు. ప్రతి పేరుకూ తరువాత నాకు కావలెనన్న ఒకే పలుకు. నోరు దాని పాటికి అది చెప్పుకొంటూ పోతున్నది. చేతిలో పాలధార ఆగిపోయినది. ఇది జాబితా కాదా? దీనికి వృత్తమేది, యతి ఏది?

అయ్యా, నేను యజుర్వేదిని. జైమిని మహర్షి మూడు వేదాల భేదం చెప్పుచూ, అర్థాన్ని అనుసరించి పాద విభాగం గలది ఋక్కనీ, గానమైనది సామమనీ, మిగిలినది యజుస్సనీ నిర్ణయించినాడు. అనగా పాదబద్ధం కానిదానికే యజుస్సని పేరు. నమకంలో రెండవ అనువాకం మొదలు తొమ్మిదవ దాని వరకు యజుస్సులే. చమకంలో అధిక భాగం యజుస్సులే. బాల్యం నుండి పాదనియమం లేని వాక్కును శిరస్సున ధరించి, దానితో ఈశ్వరునికి స్నానం చేయించి, దానితోనే కుటుంబాన్ని పోషించుకొన్నవాడను. అట్టి నేను ఒక పిల్లవానిని పట్టుకొని నీ మాటకు పాదం లేదు, కూర్చో అన్నాను!

అట్లని ఛందస్సు అక్కరలేదని నేను అనుచున్నట్లు ఎవరూ ఇంటికి పోయి చెప్పకండి. ఆరు వేదాంగాలలో ఛందస్సు ఒకటి. దానిని వేదపురుషుని పాదాలన్నారు. గాయత్రికి ఇరవై నాలుగు అక్షరాలు, అనుష్టుప్పుకు ముప్పై రెండు, జగతికి నలభై ఎనిమిది. ఈ లెక్క ఉన్నందువలననే వేల సంవత్సరాలు వ్రాత లేకుండ వాక్కు నిలిచినది. మన ఉత్పలమాలలో పదవ అక్షరం దగ్గర యతి పడినప్పుడు చెవికి కలిగే తృప్తిని మరొకటి ఇవ్వదు. ఈ కాలపు కవులలో కొందరు ఒక వాక్యాన్ని తీసుకొని మూడు ముక్కలు చేసి ఒకదాని క్రింద ఒకటి వ్రాసి కవిత్వమంటున్నారు. అది కాగితానికి నష్టమే గాని భాషకు లాభం లేదు. నేను చెప్పేది వేరు. ఛందస్సు కవి నడుచుటకు ఏర్పడిన పాదాలే గాని సభ ద్వారం దగ్గర నిలబెట్టిన కావలి కాదు. పాల్కురికి సోమనాథుడు వృత్తాలు రాక ద్విపద వ్రాయలేదు. పదిమంది నోట నడిచేది అదేనని ఎరిగి, కావలెనని పట్టుకొన్నాడు.

ఛందస్సు చదివినవారి సొత్తనుకొనేవారికి ఇంకొక సంగతి. కొన్నేండ్ల క్రితం బతుకమ్మ పండుగ నాడు ఒక ముసలమ్మ, మన ఊరి ఆమే, చప్పట్లు చరచుచూ పాట చెప్పుచుంటే నేను గోడ ప్రక్కన నిలిచి విన్నాను. తన తోడబుట్టినవాడు చెరువు కట్ట పనికి పోయిన కథ. అప్పటికప్పుడు కట్టుకొని పోతున్నది. అలవాటు చొప్పున వ్రేళ్ళ మీద మాత్రలు లెక్కపెట్టినాను. ముప్పై నలభై చరణాలు పోయినా ఒక్క మాత్ర తప్పలేదు. పాట అయిన తరువాత, "అమ్మా, ఉగాది నాడు గుడిలో చెప్పరాదా?" అన్నాను. "నాకు సదువు రాదు అయ్యగారూ, కవులల్ల నేనేడ కూసుంట?" అన్నది. మెట్ల దగ్గర పెద్దమనిషి అన్నదీ, ఈమె అన్నదీ ఒకటే మాట. ఆ మాటను వీరి నోట పెట్టినది ఎవరు? నావంటి వారము, ఎత్తిన మా చేతులు.

ఇక వ్రాయుట, పాడుట ఏదీ రానివారి భాగం. రాజశేఖరుడు కావ్యమీమాంసలో ప్రతిభను రెండుగా విభజించినాడు. కల్పించేవానికి ఉండేది కారయిత్రి, వినేవానికి ఉండేది భావయిత్రి. రెండూ ప్రతిభలే! వినుటకు కూడ ప్రతిభ కావలెనని చెప్పినాడు గనుకనే వినేవారిలోని రకాలను కూడ లెక్కించినాడు. ఏదీ రుచించనివాడు ఒకడు. గడ్డితో సహా అన్నీ తినేవాడు ఒకడు. ప్రతి పద్యానికీ చప్పట్లు కొట్టేవాడన్నమాట. అసూయాపరుడు ఒకడు. తత్త్వం పట్టుకొనేవాడు నాలుగవవాడు, దొరకుట కష్టం. 2007లో నేను ఏ జాతికి చెందినానో మీరే నిర్ణయించండి. మొదటిదో, మూడవదో.

శ్రీమద్రామాయణం మొదటిసారి ఎవరు విన్నారు? బాలకాండ నాలుగవ సర్గలో ఉన్నది. కుశలవులు ఋషుల సభలో గానం చేసినారు. ఆ ఋషులకు కన్నీరు వచ్చినది. రాజులు కారు, ఇవ్వడానికి మాన్యాలు లేవు. ఒకరు లేచి తన కలశం ఇచ్చినారు. ఒకరు నారచీర ఇచ్చినారు. ప్రచారంలో ఉన్న పాఠం ప్రకారం ఒకరు కృష్ణాజినం, ఒకరు కమండలువు, ఒకరు గొడ్డలి, ఒకరు కట్టెలు కట్టుకొనే త్రాడు కూడ ఇచ్చినారు. పాట పాడిన పసివాండ్రకు గొడ్డలి దేనికని చిన్నప్పుడు నవ్వుకొన్నాను. ఆ ముని దగ్గర ఉన్నది అదే. రేపటి నుండి సమిధలు ఎట్లా కొట్టుకొందునని కూడ ఆలోచించక ఇచ్చినాడు. ఆదికావ్యానికి మొదటి సమ్మానం ఒక గొడ్డలి, ఒక త్రాడు. మీ దగ్గర ఏమీ లేదని ఎట్లా అంటారు? ఒక గడియసేపు లేవకుండ కూర్చుంటే చాలును. జేబులో ఫోను మ్రోగకుండ చూచుకొంటే అది శాలువా కప్పినంత.

ఆ కుర్రవాని సంగతి ముగించలేదు. నాలుగేండ్ల క్రితం బొంగులూరు గేటు దగ్గర బస్సు కోసం నిలిచి ఉండగా అతడే వచ్చి నమస్కరించినాడు. ఇప్పుడు శంషాబాదు వైపు ఏదో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. నేను సిగ్గు విడిచి, "నాయనా, ఆనాడు చదువబోయిన కాగితం ఉన్నదా? మిగిలినది వినవలెను" అని అడిగినాను. కొంచెంసేపు జ్ఞాపకం చేసుకొని నవ్వినాడు. "అదా అయ్యగారూ, ఆ రాత్రే చింపేసిన" అన్నాడు. తరువాత ఏమైనా వ్రాసినావా అన్నాను. లేదన్నాడు. బస్సు వచ్చినది, నా సంచి అతడే ఎక్కించినాడు. ప్లాటు నంబర్ల తరువాత ఏమున్నదో, ఆ వరుస ఎక్కడికి పోయి ముగిసేదో నాకు తెలియదు. ఇప్పుడు అతనికీ జ్ఞాపకం లేదు. ఘనపాఠం వరకు కంఠస్థం చేసిన ఈ తలలో, ఆ పిల్లవాడు చదివిన ఐదు పంటల పేర్లు మాత్రం ఉన్నవి.

కార్యకర్తలకు ఒక మనవి. ఈ పూట వేదిక మీద నాకు వేసిన కుర్చీ తీసివేయండి. నేను క్రింద ఆ స్తంభం ప్రక్కన చాప మీద కూర్చుంటాను. నా చెవి కొంచెం మందగించినది గనుక అక్కడి నుండి బాగా వినబడుతుంది కూడ. పద్యం తెచ్చినవారు పద్యం చదువండి, వచనం తెచ్చినవారు వచనం చదువండి, పాట వచ్చినవారు పాడండి. ఎవరి కాగితమూ మధ్యలో ఆపరాదు. వెనుక నిలుచున్న తల్లులు ముందుకు రావలెను. జాబితాలో మొదటి పేరు ఏడవ తరగతి చదివే అమ్మాయిది. మైకు ఆమె ఎత్తుకు దించండి. రామ్మా, వచ్చి చదువు.